అక్క కూతురుంది కదా

"మెడ నిలబెడుతున్నాడా?" అని అడిగారు డాక్టరు సూర్యనారాయణమూర్తి గారు.

ప్రేమజ్యోతి ఒళ్లో బాబు తల వాల్చేసి ఉన్నాడు.

"మొన్నటిదాకా నిలబెట్టీవోడండి. ఇప్పుడు నేదు. పెద్దోడికీ ఇలాగే మొదలయ్యిందండి."

"పెద్దవాడెక్కడ?"

ఆమె తల దించుకుని బాబును పొదివి పట్టుకుంది. డాక్టరు గారు మళ్లీ అడగలేదు.

"మీ ఆయన మీకేమవుతాడమ్మా?"

"మేనమామండి. మా అమ్మ చిన్న తమ్ముడు."

"ఒకే నెత్తురు. దోషం రెండు వైపుల నుంచీ వస్తే బిడ్డ తట్టుకోలేడు. మీ ఇంట్లో ఇలాంటి పెళ్లి ఇంకెవరికైనా జరిగిందా?"

"మా అక్కకండి. పెద్ద మావయ్యకిచ్చేరు. ఇద్దరు పోయేరండి." అంతలో ప్రేమజ్యోతి మొహం కాస్త వెలిగింది. "మూడోది ఉందండి. సువార్తని. బడికెళ్తంది. గుండ్రాయిలాగుంటాది."

"తల్లిపాలే తాగిందా?"

"పురుటికి అక్క అమ్మమ్మతో విశాఖపట్నం ఎళ్లి పిల్లతో తిరిగొచ్చిందండి. అక్కకి పాలు పడనేదండి. డబ్బా పాలే. ఆ డబ్బా పాలే కాసేయేమోనండీ?"

డాక్టరు గారు చీటీ మీద ఏదో రాసుకున్నారు.

"ఆ పాపనీ, మీ అక్కగారినీ రేపు తీసుకురండి. ఇద్దరి నెత్తురూ విశాఖపట్నం పంపి చూపిద్దాం. ఆ పాప ఎలా నిలిచిందో తెలిస్తే వీడికేదైనా దారి దొరుకుతుందేమో. గట్టిగా చెప్పలేను."

ఆ 'ఏమో' చాలు ప్రేమజ్యోతికి. బాబును గుండెకు అదుముకుని రిక్షా ఎక్కింది.

అసలు సువార్త లేకపోతే ఆమె ఈ పెళ్లి చేసుకునేదే కాదు. అప్పట్లో రోలుగుంట నుంచి బడిపంతులు సంబంధం వచ్చింది. చిన్న మావయ్య జ్ఞానానందం చెడ్డవాడేం కాదు. బస్సు డిపోలో మెకానిక్కు, నెమ్మదస్తుడు. ఆమె భయమల్లా అక్క మట్టిలో పెట్టిన ఆ ఇద్దరు పిల్లల గురించే.

"నాకు మావయ్య వద్దమ్మమ్మా," అని తెగేసి చెప్పింది.

కోడలిగా పరాయి పిల్ల వస్తే ఇంట్లో పొయ్యి రెండవుతుందని అమ్మమ్మ జ్ఞానమణమ్మ బెంగ. ఆవిడ సువార్తను వీధిలోంచి పిలిచి, దాని తల మీద చెయ్యి పెట్టింది.

"ఇదిగో, దీని మీద ఒట్టేసి సెప్తన్నాను. దేవుడి కోపం మనింటి మీద తీరిపోయింది. నీ అక్క కూతురుంది కదా. నీకేటే భయం?"

ఆ ఇంట్లో అందరికీ చిటికెనవేలు లోపలికి వంకర. సువార్తకు మాత్రం సూటిగా ఉంటుంది. దేవుడు దీన్ని దిద్ది మరీ పంపించేడని అమ్మమ్మ ఆ వేలు పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించేది.

"నువ్వు సెప్పక్కా. నువ్వు సేసుకోమంటే సేసుకుంటాను," అంది ప్రేమజ్యోతి.

రత్నమణి సువార్తను దగ్గరికి లాక్కుంది. దాని జుట్టులో మొహం దాచుకుని ఏడ్చింది.

"అక్క ఏడుస్తాదేటి?" అంది ప్రేమజ్యోతి.

"సెల్లెలు ఇదే ఇంటికొస్తందని సంతోషమే పిచ్చిదానా," అంది అమ్మమ్మ.

ప్రేమజ్యోతి బడిపంతులు సంబంధం వద్దంది.

ఆమె డాక్టరు దగ్గర్నుంచి ఇంటికొచ్చేసరికి వసారాలో సువార్త లక్క బొంగరం తిప్పుతోంది. అమ్మమ్మ కళ్లజోడు పెట్టుకుని బైబిలు చదువుకుంటోంది. రత్నమణి బియ్యంలో రాళ్లేరుతోంది. ప్రేమజ్యోతి డాక్టరు గారన్నదంతా ఒక్క గుక్కలో చెప్పింది.

"రేపు పొద్దున్నే ఎల్దామక్కా. బేగి ఎల్తే జనం ఉండరు."

రత్నమణి చేతిలో చేట ఆగిపోయింది.

"వద్దే," అంది.

"ఎందుకొద్దు?"

"సూది పొడిస్తే పిల్ల దడుసుకుంటాది," అంది అమ్మమ్మ, బైబిల్లోంచి తలెత్తకుండానే.

సువార్త బొంగరం ఆపింది.

"నాకేం భయం నేదు పిన్నీ. తమ్ముడికోసమైతే రెండు సేతులకీ పొడిపించుకుంటాను."

"సూసేవా అక్కా? అదే వస్తానంటంది."

రత్నమణి తల వంచుకుని మళ్లీ రాళ్లేరసాగింది. ప్రేమజ్యోతికి ఒళ్లు మండింది.

"నాకర్థమయిందిలే. దాన్లోనూ ఏదో ఉందని బయటపడతాదని నీ భయం. నీకు ఒకర్తయినా మిగిలింది. నాకు మిగిలినోడు ఈడు. ఈడి తల సూడు, ఎలా వాలిపోతందో. నీ మాట పట్టుకునే కదా నేనీ ఇంట్లో తాళి కట్టించుకున్నాను. పరాయివాళ్లు కాదంటే ఏడ్సి ఊరుకుందును. నువ్వు కాదంటావేటక్కా?"

"రత్నం, నోరు మూసుకో," అంది అమ్మమ్మ.

రత్నమణి ఇంకా నోరు తెరవనే లేదు.

ప్రేమజ్యోతి అమ్మమ్మకేసి చూసింది. ఆవిడ బైబిలు మూసేసింది.

"సువార్తా, వీధిలోకెళ్లి ఆడుకో అమ్మా," అంది రత్నమణి.

"బొంగరం ఇక్కడే బాగా తిరుగుతందమ్మా."

"ఎల్లమన్నానా."

పిల్ల బొంగరం, తాడు తీసుకుని గంతులేసుకుంటూ వెళ్లిపోయింది. అది వీధి మలుపు తిరిగేదాకా రత్నమణి అటే చూస్తూ ఉండిపోయింది. తరవాత చేట పక్కన పెట్టి, చెల్లెలి ఒళ్లోంచి బాబును తీసుకుంది. వాడి తలకింద అరచెయ్యి ఆనించింది. వాడి వంకర చిటికెనవేలిని రెండు వేళ్లతో పట్టుకుని నెమ్మదిగా సాపు చేసింది. వదలగానే అది మళ్లీ లోపలికి వంగిపోయింది.

"ఒద్దే రత్నం," అంది అమ్మమ్మ. ఈసారి ఆవిడ గొంతు లేవలేదు.

"ఇంకెంతమందిని మట్టిలో పెట్టాలమ్మమ్మా?" అంది రత్నమణి. చెల్లెలి మొహంలోకి సూటిగా చూసింది. పెళ్లి నాటి నుంచీ అలా చూడలేదని ప్రేమజ్యోతికి అప్పుడు తట్టింది.

"సువార్తని నేను కనలేదే."