జామచెట్టుకి కట్టిన సీడీ

"శివాజీగారి గొంతున్న సీడీ మీకాడే ఉందా అమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన అడిగిన మొదటి మాటే అది.

కనకదుర్గ తలుపు సగం మూసి, ఆయన్ని ఎగాదిగా చూసింది. ఈ మనిషిని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు. భుజాన నల్ల సంచి, చేతిలో నలిగిన కాగితం.

శివాజీ ఆమె భర్త. చెరకు లారీ కిందపడి పోయి పంతొమ్మిదేళ్లయింది. పోవడానికి మూడు నెలల ముందు, ఆమె కడుపులో ఉన్న బిడ్డ కోసం తనే ఒక జోలపాట కట్టి, పాడి, సీడీ చేయించి తెచ్చాడు. ఇంట్లోవాళ్లకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మరి వీడికెలా తెలిసింది?

"ఏ సీడీ? అలాంటియ్యేవీ లేవు. ఎల్లండి!"

"ఒక్క పూట ఇయ్యండమ్మా, ఇక్కడే కూకుని..."

తలుపు మొహం మీదే వేసేసింది. గడియ పెట్టి, ఆపైన బియ్యం బస్తా కూడా అడ్డం లాగింది.

"ఎవరే అమ్మా?" లోపల్నుంచి కూతురు ప్రవల్లిక అడిగింది.

"ఎవడో దొంగసచ్చినోడు. మీ నాన్న సీడీ కావాలంట."

"అందుకే సెప్పేను, ఫోన్లోకి ఎక్కించేద్దామని!"

"ఫోన్లోకి ఎక్కితే ఊరంతా పాకిపోద్ది. నోర్ముయ్యే గుంటా!"

మొగుడి గొంతు ఈ లోకంలో ఆ ఒక్క సీడీలోనే ఉంది. అది పోతుందేమోనని ఆమెకి ఎప్పుడూ భయమే. ఎక్కువసార్లు వేస్తే అరిగిపోతుందని, ఏడాదికోసారి, కూతురి పుట్టినరోజున మాత్రమే వేసేది. పిల్ల రెండోసారి వినిపించమంటే కసిరేది.

నాలుగు రోజులకి ముసలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి గేటు దగ్గర్నుంచే కేకేశాడు.

"అమ్మా, ఆ సీడీ ఇంక ఆట్టే రోజులుండదు. నా మాట ఇనండి!"

బెదిరిస్తున్నాడు! కనకదుర్గ మళ్లీ గడియ పెట్టింది. కిటికీ సందులోంచి చూస్తే, సంచిలో ఏదో తడుముకుంటున్నాడు. కత్తే ఉందో, తాళాలు పగలగొట్టే సామానే ఉందో.

ఆయన అటు వెళ్లగానే బీరువా తీసింది. దొంగ ముందుగా వెతికేది బీరువానే. ట్రంకుపెట్టెనీ వదలడు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టని దొంగ ఉంటాడా?

పెరట్లో జామచెట్టు కనిపించింది. చిలకలు కాయలు కొట్టకుండా ప్రవల్లిక ఎప్పుడో పాత సినిమా సీడీలు దారాలతో కొమ్మలకి కట్టింది. ఐదేళ్లుగా ఎండలో తళతళలాడుతూనే ఉన్నాయి.

పిట్టల్ని బెదిరించే సీడీల జోలికి ఏ దొంగ పోతాడు? శివాజీ సీడీని తీసుకెళ్లి వాటి మధ్య కట్టేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది, పాపం.

ముసలాయన ఇంకో రెండుసార్లు వచ్చాడు. రెండోసారి ఆమె మరిది పరదేశి కర్ర పుచ్చుకుని రోడ్డు దాకా తరిమాడు. పెద్దాయన పరుగెత్తలేక పడి, మోకాలు పట్టుకుని లేచి, చోడవరం ఆటో ఎక్కాడు.

మరి రాలేదు.

నెల గడిచి, ప్రవల్లిక పుట్టినరోజు వచ్చింది. కనకదుర్గ సీడీ విప్పి తెచ్చి, కొంగుతో తుడిచి ప్లేయర్లో పెట్టింది. గిర్రున తిరిగింది. ఆగిపోయింది.

తీసి పెట్టింది. మళ్లీ తీసి పెట్టింది. చెట్టుకున్న సినిమా సీడీ ఒకటి తెచ్చి వేస్తే, అది తడబడుతూనైనా పాడింది.

తల్లీకూతుళ్లు చోడవరంలో అబ్రార్ కంప్యూటర్ షాపుకి పరుగెత్తారు. అతను సీడీని వెలుగుకి ఎత్తి చూశాడు.

"దీన్ని ఎండలో పెట్టేరా అక్కా?"

"పెడితే ఏటవుద్ది? సినిమాది బాగానే ఉంది గదా!"

"అది ఫ్యాక్టరీలో అచ్చేసింది. పాటని అంకెలు సేసి, ఆ అంకెల్ని సన్న గుంటలుగా అచ్చు కొడతారు. ఎండ ఆ గుంటల్ని పూడ్సలేదు. ఇది షాపులో రాసింది. రంగు పొర మీద లేజరుతో మచ్చలు కాలుస్తారు. మచ్చ ఎక్కడుందో, ఎక్కడ లేదో సూసుకునే ప్లేయరు పాడతాది. ఎండకి రంగు ఎలిసిపోతే ఇంకేటి సూస్తాది?"

"ఏస్తే అరిగిపోద్దని ఏడాదికోసారే ఏసేను బాబూ..."

"దీనికి సూదుండదక్కా, ఏదీ రాసుకోదు. రోజుకి పదిసార్లు ఏసినా అరిగేది కాదు."

ప్రవల్లిక బావురుమంది. నాన్న పాట ఆ పిల్లకి ఇక లేదు.

"ఎవరూ బాగుసెయ్యలేరా?" కనకదుర్గ అడిగింది.

"నెల కిందట మీ ఊరొచ్చిన పెద్దాయనకి ఇచ్చుంటే బతికిపోయేది. నాలుగుసార్లు తిరిగేడంట, ఎవరో తరిమేసేరంట."

"ఎవరు బాబూ ఆయన?"

"అనకాపల్లి ఫకీర్ సాహెబ్ అక్కా... సచ్చిపోయిన కొడుకు గొంతున్న సీడీ తనకి ఇలాగే పోయేక, ఒకప్పుడు తన షాపులో పాడించి రాసిచ్చిన గొంతులన్నీ పోకముందే కాపాడాలని, సంచిలో ల్యాప్‌టాప్ ఏసుకుని ఇల్లిల్లూ తిరుగుతన్నాడు."