చుట్టుదారి టికెట్టు

"నేరుగా వెళ్తే గంటా పది నిమిషాలు సార్. ఆరు వందల పది కిలోమీటర్లు," అంది టికెట్ల మేడమ్, తెర వైపు చూడకుండానే. ఏ రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరమైనా, పట్టే సమయమైనా ఆమెకు కంఠతా వచ్చు. ఆ ట్రావెల్ ఆఫీసులో పదహారేళ్లుగా ఆమె పని అదే.

"నేరుగా వద్దండీ. చుట్టు తిరిగి వెళ్లేది చూడండి," అన్నాడు ఎదురుగా కూర్చున్నాయన.

మేడమ్‌కు ఒళ్లు మండింది. ఏటా బడులకు సెలవులిచ్చే వారంలో ఊడిపడతాడీయన. ఏటా ఇదే పాట. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించే రకం. ఆఫీసులో అందరూ ఆయనకు చుట్టుతిరుగుడు సారని పేరు పెట్టేశారు.

పోనీ పిసినారా అంటే అదీ కాదు. చుట్టు తిరిగే టికెట్టే ఖరీదెక్కువ. ఎక్కువిచ్చి మరీ నడుం విరగ్గొట్టుకునే మనిషిని ఏమనాలి? ఆయనొక్కడే అవస్థ పడితే ఆమెకేం పోయింది. పక్క సీట్లో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంటుంది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఒక్కడే, హాయిగా నేరు విమానంలో. అది తలుచుకుంటే ఆమెకు ఆయన మొహం చూడబుద్ధి కాదు.

"పోయినసారి పదకొండు గంటలు పట్టేది ఇచ్చారు కదా మేడమ్."

"ఆ సర్వీసు ఎత్తేశారు. ఇప్పుడు కనిపిస్తున్నవాటిలో పెద్దది ఐదు గంటలది."

ఆయన మొహం వాడిపోయింది. "ఐదేనా? ఇంకోసారి చూడరూ, మీకు పుణ్యముంటుంది."

ఐదు గంటలు చాలవట. ఈయనకు బుద్ధి రావాలంటే ఇలా కాదనుకుని, ఆమె పనిగట్టుకుని వెతికి, మనిషన్నవాడెవడూ కొనని టికెట్టు ఒకటి పట్టింది.

"పద్నాలుగు గంటలది ఉంది. మూడు విమానాలు ఎక్కి దిగాలి. మధ్యలో ఏడు గంటలు ఎయిర్‌పోర్టు కుర్చీల్లో పడి ఉండాలి. సరిపోతుందా, ఇంకా కావాలా?" అంది వెటకారంగా.

"అబ్బ, అదే ఇవ్వండి," అన్నాడాయన. లాటరీ తగిలినంత సంబరం ఆయన మొహంలో. పక్క కౌంటరాయన నవ్వు ఆపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

మేడమ్ ఇక ఊరుకోలేదు. "చిన్నపిల్లను అన్ని గంటలు తిప్పడానికి మీకు మనసెలా వస్తుంది సార్? అసలా పాప మీకేమవుతుంది?"

"మా అమ్మాయేనండీ."

"తల్లికి తెలుసా మీరిలా తిప్పుతున్నట్టు? పిల్లను ఒక్కరే తీసుకెళ్లాలంటే అనుమతి కాగితం ఉండాలి. ఏదీ, చూపించండి."

ఉండదని ఆమెకు గట్టి నమ్మకం. ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసిచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి ఉంది. పైన కోర్టు ముద్ర. అనుకున్నంతా అయింది, ఏదో వెధవ పని చేసిన మనిషే అనుకుంటూ ఆమె చదవడం మొదలుపెట్టింది.

కూతురిని ఏడాదికొకసారి హాస్టల్ నుంచి తల్లి ఇంటికి చేర్చే పని తండ్రిదనీ, ఆ ప్రయాణం సాగినంతసేపు తప్ప ఆయన ఆ పిల్లను కలవడానికి వీల్లేదనీ అందులో రాసి ఉంది.