ఎక్స్‌రేలో లేని నొప్పి

"లేస్తావా, చెయ్యి పట్టుకుని లాగమంటావా?"

డ్రిల్లు మాస్టారు గది గుమ్మంలో నిలబడి అరిచాడు. మంచం మీద కూతురు పక్కకి ఒత్తిగిలడానికే పళ్లు బిగబట్టింది.

"నడుం కర్రలా బిగుసుకుపోయింది నాన్నా. ఓ గంట ఆగు."

"నిన్న సాయంత్రం వాలీబాల్ ఆడినప్పుడు లేని నొప్పి పొద్దున్నే ఎక్కణ్నుంచి ఊడిపడింది? ఎక్స్‌రే తీయించాంగా! ఎముకలు ఉక్కులా ఉన్నాయన్నారు. నీది ఒట్టి ఒళ్లు బద్ధకం."

నిన్న పొద్దున ఆలస్యంగా వచ్చిందని మైదానంలో జట్టందరి ముందూ ఇదే మాట అన్నాడు. 'నాటకాల రాణి' అని బిరుదు కూడా ఇచ్చాడు. పిల్లలు విరగబడి నవ్వారు.

తల్లి ఆ వారమే పట్టుబట్టి కూతుర్ని కీళ్ల డాక్టరుకి చూపించింది. ఆ డాక్టరమ్మ ఎమ్మారై స్కాను రాసింది. రిపోర్టు చూపించే రోజున మాస్టారు కూడా వెళ్లాడు, ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని.

డాక్టరు ఫిల్ము మీద వేలు పెట్టింది. "వెన్ను వచ్చి తుంటి ఎముకల్లో కలిసే చోటు ఇది. రెండువైపులా తెల్లగా ఉంది చూడండి, అదంతా వాపు. వెన్నుకి వచ్చే కీళ్లవాతం ఇక్కడే మొదలవుతుంది."

"మరి ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారే?"

"ఎముక దెబ్బతిన్నాక గానీ ఎక్స్‌రేలో పడదు మాస్టారూ. దానికి ఏళ్లు పట్టొచ్చు. ఎమ్మారైలో వాపు ముందే తెలుస్తుంది. ఈ నొప్పి పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది. అమ్మాయి సాయంత్రం ఆడగలిగిందీ అందుకే, పొద్దున లేవలేకపోయిందీ అందుకే."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చంకలోని కవరుని మెల్లగా కుర్చీ వెనక్కి జార్చాడు.

"తప్పయిపోయిందమ్మా. రేపు మీ జట్టు ముందే చెప్తాను," అన్నాడు నేలచూపులు చూస్తూ.



"మందులతో అదుపులో పెట్టొచ్చు," అంది డాక్టరు. "ఇది కొన్ని కుటుంబాల్లో వస్తుంటుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"అబ్బే, ఎవరికీ లేదండీ."

"నాకూ పొద్దున్నే ఇలాగే ఉంటుంది డాక్టరుగారూ," అంది పక్కనున్న భార్య.

మాస్టారు విస్తుపోయి చూశాడు. "నీకా? ఇంట్లో అందరికంటే ముందు లేచేది నువ్వేగా!"

"మీరు లేచేసరికి నడుం వంగాలని, ఇరవైమూడేళ్లుగా గంట ముందు లేస్తున్నానండీ."