పక్కపక్కన కూర్చోని అక్షరాలు

ఆ ఉదయం మబ్బు, కురవాలా వద్దా అని తేల్చుకోలేక ఆఫీసు కప్పు మీదే తచ్చాడుతోంది.

లోపల మెకానిక్ టైపు మిషన్‌కి నూనె వేస్తున్నాడు. పదింటికి టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష. ఉద్యోగం ఒకటి, వచ్చేది ఇద్దరు. అందులో ఒకడు హెడ్‌గుమాస్తా బావమరిది.

హెడ్‌గుమాస్తా గొంతు తగ్గించాడు. "ఈ అక్షరాలేమిటయ్యా, చెట్టుకొకటి పుట్టకొకటి?"

"మాటల్లో తరచూ కలిసొచ్చేవి పక్కపక్కనుంటే లోపల అచ్చు కొట్టే సుత్తులు చిక్కుపడతాయట సార్. అందుకే దగ్గరివాళ్లని దూరంగా కూర్చోబెట్టారని మా గురువు చెప్పేవాడు."

"మీ గురువు సంగతి సరే. మావాడు వెతుక్కునేసరికి తెల్లారుతుంది. ఏ, బీ, సీ, డీ వరసలో పెట్టెయ్. మేనేజరుకి తెలియకూడదు."

"అక్షరాలు మార్చాలి. అంతేగా?"

"అంతే."

మెకానిక్ మీటల మీది అక్షరాల బిళ్లలన్నీ ఊడదీసి, వరసగా బిగించాడు.

పదింటికి బావమరిది వచ్చాడు. వెనకే ఒకమ్మాయి. గుమ్మంలో మెకానిక్ పనిముట్ల పెట్టె తట్టుకుని తూలింది.

"కిందకి చూసి నడవాలమ్మా!" కసిరాడు మెకానిక్.

"కిందకి చూసే అలవాటు లేదండీ," అంది అమ్మాయి, అంతే పెళుసుగా.

మేనేజరు అడిగాడు. "ఇదివరకెక్కడైనా చేశావా?"

"రెండుచోట్ల పరీక్షకెళ్లాను సార్. రెండుచోట్లా హెడ్‌గుమాస్తాల చుట్టాలకే వచ్చింది."

హెడ్‌గుమాస్తా తాగుతున్న నీళ్లు పొలమారాయి.

ముందు బావమరిది కూర్చున్నాడు. వరసగా ఉన్న అక్షరాలు చూసి మొహం చాటంతయింది. తలెత్తకుండా వాయించేశాడు. తర్వాత అమ్మాయి. చూపంతా పక్కనున్న కాగితం మీదే. మీటల వంక చూస్తే ఒట్టు.

మేనేజరు రెండు కాగితాలూ పట్టుకున్నాడు. అమ్మాయిది అచ్చేసినట్టుంది. రెండోది తిరగేసి, మరగేసి, "ఇది ఏ దేశం భాషయ్యా?" అన్నాడు.

ఉద్యోగం అమ్మాయికి ఖాయమైంది.

హెడ్‌గుమాస్తా మెకానిక్‌ని మూలకి లాగాడు. "కొంప ముంచావు కదయ్యా!"

"అక్షరాలు మార్చమన్నారు, మార్చాను. లోపలి సుత్తులు మార్చమనలేదుగా సార్. అవి ఎక్కడివక్కడే ఉన్నాయి."

మధ్యాహ్నం మబ్బు తేల్చుకుని కురిసే వేళకి, ఇంట్లో అక్షరాలన్నీ అరిగిపోయిన పాత మిషన్‌ని పక్కకు జరిపి, ఒకరి మొహం ఒకరు చూస్తే నవ్వాగదని తలలు వంచుకుని, కొత్త టైపిస్టూ వాళ్ల నాన్న మెకానిక్కూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు.