బర్రెలు వినే పాటలు

“మొగులయ్య గారూ, ముఖం సరిగ్గా కెమెరాకు ఎదురుగా పెట్టండి,” అంది శ్రీహిత. ఆన్‌లైన్‌లో పాటలు అమ్మే కంపెనీలో ఆమె పనిచేస్తుంది. కొనుక్కున్నవాళ్లను అనుమానించడం ఆమె ఉద్యోగం.

పురానాపూల్‌లో, బర్రెల కొట్టం పక్క గదిలో, అతను ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. రుక్మాబాయి కెమెరాలో పడకుండా గోడవారన కూర్చుంది.

“మీ ఖాతాలోని పాటలు వేరే ఫోన్‌లోకి కాపీ చేయబోయారు. అందుకే తాళం పడింది.”

“పాత ఫోన్ ఖరాబైంది మేడం. కొట్టంల పాటలు బందైనప్పటి సంది బర్రెలు పాలు చేపుతలేవు. బకెట్ పెట్టి కూసుంటే తంతున్నయ్. పాలు పోయించుకునేటోళ్లు ఒక్కొక్కలే వేరే ఇంటికి పోతున్నరు. గిట్లయితే మేం బతుకుడెట్ల?”

శ్రీహిత నవ్వలేదు. ఇంతకన్నా అందమైన కథలు రోజూ వింటూనే ఉంటుంది.

“మీరు పంపిన గుర్తింపు కార్డు మీద ఫోటోలో జుట్టుంది, మీసముంది. మీకు గుండుంది.”

“తిర్పతి పోయొచ్చిన.”

“మీరు మా దగ్గర మొదట కొన్న పాట?”

అతను గోడవార వైపు చూశాడు. పక్కనుంచి రుక్మాబాయి మెల్లగా అందించింది. “మైసమ్మ పాట,” అన్నాడు గట్టిగా.

“ఎవరండీ పక్కన?”

“ఆ పాటలు కొన్నాయన ఇంటిదాన్ని,” అంది రుక్మాబాయి. కోపం దాచుకోలేదు. “పైసలిచ్చి కొన్నం గదమ్మా. క్యాసెట్ తెచ్చుకున్నప్పుడు ఇంటిల్లిపాది వినేటోళ్లం. గుండెందుకు చేయించుకున్నవని దుకాణపాయన అడగలే.”

“అప్పటి సంగతి వేరు. ఇవి కొన్న మనిషి వినడానికి మాత్రమే. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. వేరేవాళ్లు వాడుతున్నట్టు తేలితే అన్నీ తుడిచేస్తాం.”

కొట్టంలో ఒక బర్రె అరిచింది. పొదుగు సలిపితే అరిచే అరుపు. రుక్మాబాయి ప్రాణం ఉసూరుమంది.

శ్రీహిత కార్డునూ ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. అదే ముక్కు, అవే చెవులు. అయినా మనసు ఒప్పలేదు.

“మీ నాన్నగారి పేరు?”

“ఎల్లయ్య.” ఈసారి ఎవరూ అందించాల్సిన పని లేకపోయింది. వాళ్ల నాయన ఏ ఊరివాడో, ఎన్ని బర్రెలతో ఈ కొట్టం పెట్టాడో కూడా అడక్కుండానే చెప్పాడు.

“సరే, తెరుస్తున్నాను. మీ మీద మాత్రం ఓ కన్నేసి ఉంచుతాం,” అని శ్రీహిత ఫోన్ పెట్టేసింది.

అతను ఆలస్యం చేయలేదు. కొట్టంలోని స్పీకర్ డబ్బాలో మైసమ్మ పాట మొదలైంది. బర్రెలు నెమరు ఆపి, మెడలు తిప్పి గుమ్మం వైపు చూశాయి.

అతను బకెట్ అందుకుని లేచి, “అయిపోయింది వదినా, ఇగ అన్న ఫోటో మళ్ల గోడకు పెట్టి దండెయ్యి,” అన్నాడు.