ఇంటిదాకా దారి

"తిరుగుతదా, తిరగదా?" స్వామి అరిచాడు.

"జర ఆగరాదు. నువ్వు అరిస్తే తిరుగుతదా? బేరింగు కూసోవాలె," అన్నాడు పెంటయ్య, వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ. పెంటయ్య స్వామికి మేనమామ. కొత్తగూడలో వెల్డింగు షాపు.

లింగంపల్లి పాత సామాన్ల దుకాణంలో దొరికిన లావుపాటి నీళ్ల పైపు ముక్క అది. రెండు వైపులా ఇనుప పలకలు అతికి, మధ్యలో లారీ ఇరుసు దూర్చి, విరిగిన హోర్డింగు కమ్ములతో చట్రం కట్టాడు పెంటయ్య. లోపల నిండా తడి ఇసుక కూరారు. చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉన్నా, బస్తీలోని నరేందర్ ట్రాక్టరుకు తగిలించి లాగితే అదే రోడ్డు రోలరు.

అద్దాల మేడల వెనక, చెరువు అంచున ఉన్న ఆ బస్తీకి రోడ్డు లేదు. ఉన్నదంతా బురద. అలాంటిలాంటి బురద కాదు. నిరుడు వానాకాలం ఒక జేసీబీ కూడా సగం దారిలో కడుపుదాకా దిగబడి, వచ్చిన పని చేయకుండానే, తాళ్లతో లాగించుకుని వెనక్కి పోయింది. ఆ డ్రైవరు తిప్పలు తలచుకుని బస్తీ ఇప్పటికీ నవ్వుకుంటుంది.

నవ్వులాట బాగానే ఉంది గానీ, స్వామి బిడ్డను మింగింది కూడా ఆ బురదే. పోయిన కాన్పుకు భార్య కళ్యాణికి నొప్పులు వస్తే అంబులెన్సు మెయిన్ రోడ్డు మీదే ఆగిపోయింది. మంచం మీద మోసుకుపోయేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. ఈసారి ఆలస్యమైతే తల్లికీ ప్రమాదమే అని డాక్టరమ్మ ముందే చెప్పింది. రోడ్డు వేయండని స్వామి ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. చివరికి, "నా దారి నేనే ఏసుకుంట" అని తెగించాడు.

బస్తీ అంతా కదిలింది. ఎక్కడెక్కడో జేసీబీలు కూలగొట్టిన ఇండ్ల ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఎవరికీ అక్కర్లేదు కదా! నరేందర్ ట్రాలీ నిండా తెచ్చి దారంతా పోశాడు.

స్వామి తల్లి ఈరమ్మ ఒక్కతే మూతి ముడుచుకుంది.

"దారి మంచిగైతే బండ్లొస్తయ్‌రా," అంది.

"రావాలనే గదనే ఈ తిప్పలు!"

ఈరమ్మ కోడిపిల్లల్ని అదిలించి గంప కింద మూసింది. అవి చక్రాల కింద పడతాయని ఆమె బాధ అనుకున్నాడు స్వామి. కోడలికంటే కోళ్లు ఎక్కువయ్యాయా అని ఒళ్లు మండింది.

మబ్బు దట్టంగా కమ్ముకుంది. నరేందర్ ట్రాక్టరు స్టార్ట్ చేశాడు. రోలరు మొదట మొరాయించి, తర్వాత కిర్రుమంటూ కదిలింది. దాని కింద పెళ్లలు పటపటా నలిగి మట్టిలో కూరుకున్నాయి. స్వామి ముందు నడుస్తూ మెత్తగా ఉన్నచోటల్లా ఇటుక ముక్కలు విసురుతున్నాడు.

సగం దారి దాటాక టప్పుమని చప్పుడైంది. ట్రాక్టరు ముందుకు పోయింది. రోలరు దారి మధ్యలో ఆగిపోయింది.

"కొక్కెం పిన్ను ఇరిగింది!" నరేందర్ కిందికి దూకాడు.

అప్పుడే పక్కింటి అంజమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "స్వామీ! కళ్యాణికి నొప్పులు మొదలైనయ్. ఉమ్మనీరు పోయింది!"

స్వామి అంబులెన్సుకు ఫోన్ చేశాడు. కొండాపూర్ నుంచే బయల్దేరుతున్నామన్నారు. చినుకులు మొదలయ్యాయి. దారికి అడ్డంగా తన రోలరే కూర్చుంది.

"మామా, నా చేతుల్తోనే అడ్డం పెట్టుకున్నగదా!" అని తల పట్టుకున్నాడు.

"ఏడ్సుడు తర్వాత. గడ్డపార తెండ్రి!" పెంటయ్య అరిచాడు.

గడ్డపార తెచ్చింది ఈరమ్మ. దాన్ని కొడుకు చేతిలో పెట్టింది.

"పట్టు. ముందుగాల బిడ్డ బతకాలె. మిగిలింది తర్వాత చూసుకుందం."

విరిగిన పిన్ను తీసి, ఆ బెజ్జంలో గడ్డపార దూర్చారు. ట్రాక్టరు గుంజింది. గడ్డపార వంగింది. వంగింది గానీ విరగలేదు. రోలరు మిగతా దారంతా తొక్కుకుంటూ మెయిన్ రోడ్డు అంచుకు చేరి పక్కకు తప్పుకునేసరికి సైరన్ వినబడింది.

అంబులెన్సు మెల్లగా బస్తీ దారిలోకి దిగింది. అందరి కళ్లూ చక్రాల మీదే. చక్రాలు ఎక్కడా కూరుకుపోలేదు. కళ్యాణిని ఇంటి గడప దగ్గరే ఎక్కించుకుని పోయింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. స్వామి రోలరును కావలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బస్తీ ఆడవాళ్లు దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు.

దవాఖాన నుంచి పంపించే రోజు ఇల్లు సర్దడానికి స్వామి ముందే వచ్చేశాడు. "ఆటో ఎక్కినం, ఫికర్ జేయకు," అని కళ్యాణితో ఉన్న అంజమ్మ ఫోన్ చేసింది. మనవరాలికి దిష్టి తీయడానికి ఈరమ్మ పళ్లెంలో ఎర్రనీళ్లు కలిపి గడపలో నిలబడింది.

దూరంగా ఇంజను చప్పుడైంది.

"అమ్మా, వచ్చిర్రే!" స్వామి మలుపుదాకా పరుగెత్తాడు. చెట్ల సందులోంచి పసుపు రంగు కనిపించింది. "ఆటోనే!"

ఈరమ్మ చెవి ఒగ్గి వింది. ఆమె చేతిలో పళ్లెం తొణికింది.

"గంత చప్పుడు ఆటోది కాదు బిడ్డా."

పసుపు బండి మలుపు తిరిగింది. దాని వెనకే పోలీసుల వ్యాను వస్తోంది.

ఈసారి జేసీబీ దిగబడలేదు.