మిషను వెనక పావడాలు

కార్డుల మీది ఆడవాళ్ళు నడుం కింద ఏం కట్టుకున్నారో జ్ఞానసుందరికి అంతు చిక్కడం లేదు.

ఆదివారం ఆమదాలవలస చర్చిలో 2012 క్రిస్మస్ కార్యక్రమం. ఆరుగురు ఆడపిల్లలు ఆరు దేశాల వేషాల్లో పాడాలి. బట్టలు కుడతానని ఆమే మాటిచ్చింది.

నమూనాకి ఉన్నవి తను పెరిగిన హాస్టల్లో ఇచ్చిన కుట్టు మిషను సొరుగులో దొరికిన, మిషను కంపెనీ వాళ్ళ పాత ప్రకటన కార్డులు ఆరు. ఒక్కోదాని మీద ఒక్కో దేశపు ఆవిడ, తన దేశపు బట్టల్లో, మిషను ముందు కూర్చుని కుడుతోంది. టోపీ, రవిక బాగానే కనిపిస్తున్నాయి. కింది భాగమంతా మిషను బల్ల కప్పేసింది.

నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని రెండ్రోజులుగా ఆమెకి అన్నం సయించడం లేదు.

"సంచి పిడి ఊడిపోనాది. రెండు కుట్లేత్తావా, తల్లీ?"

గుమ్మంలో ఎవరో ముసలాయన.

"కూకో బాబూ. ఈ బొమ్మలు నా పేణం తీసేత్తన్నాయి."

సంగతి విని ఆయన కార్డులు చేతిలోకి తీసుకున్నాడు. ఒక్కో బొమ్మ మీదా వేలు పెట్టాడు.

"ఈవిడది ఎర్ర పావడా. అంచున మూడు నల్ల పట్టీలు. ఈవిడకి ముందర తెల్లగుడ్డ, మోకాళ్ళ దాకా. ఈవిడకి కిందంతా కుచ్చులే..."

ఆరూ చెప్పాడు.

"నీకెలగ తెలుసు? ఆ దేశాలన్నీ తిరిగొచ్చావేటి?"

"లేదమ్మా. మా గుమ్మంలోనే సూసాను."

మతి చలించిన మనిషనుకుంది. అయినా వేరే దారి లేక, ఆయన చెప్పినట్టే సుద్దముక్కతో గీసుకుంది. సంచి పిడి కుట్టిచ్చింది.

"ఆదివారం దాకా ఆగి, ఆ పిల్లల్ని ఓపాలి సూసి పోదునా?"

అందరిలో ఏం మాట్లాడతాడోనని ఆమె భయపడింది.

"సిన్న సర్చి బాబూ. మనుసులు పట్టరు."

"నిజమేలే," అని నవ్వి ఆయన స్టేషను వైపు వెళ్ళాడు.

ఆదివారం పిల్లలు గిర్రున తిరుగుతుంటే ఆరు పావడాలూ గొడుగుల్లా విచ్చుకున్నాయి. చప్పట్లు ఆగలేదు.

జ్ఞానసుందరి కళ్ళొత్తుకుంటూ, తనని పెంచిన హాస్టలు వార్డెను ప్రిస్కిల్లా అమ్మగారి దగ్గరికి వెళ్ళింది.

"ఒక ముసలాయన సెప్తే కుట్టానమ్మగారూ. వస్తానంటే నేనే వద్దన్నాను. ఆయనకి వందనాలు సెప్పుకోవాలి. ఏ ఊరో, ఏటో!"

"సంచి పట్టుకొచ్చాడా? ఏసుదానం గారు. నీ ఇల్లు చూపించింది నేనే. ఈ వైపు ఇదే ఆఖరి రాక అన్నాడు. ఎక్కడికని అడిగినా చెప్పలేదు."

"నా ఇల్లెందుకమ్మగారూ?"

ప్రిస్కిల్లా గొంతు తగ్గించింది.

"ఏటా క్రిస్మస్‌కి వాళ్ళావిడ నీ మిషను మీదే ఒక్కో కార్డు చూసి కూతురికి బట్టలు కుట్టేది, నువ్వు హాస్టల్లో చేరిన ఏడాది తల్లీబిడ్డా కలరాతో పోతే, 'ఎవరూ లేని పిల్లకి బతుకుతెరువవుతాది' అని దాన్ని నీకోసం తెచ్చిచ్చింది ఆయనే."